తడితే పలికేవాడు

దక్షిణామూర్తి గారు విశాఖపట్నంలో బయల్దేరి అనంతపురం చేరారు గానీ, చేరిన దగ్గర్నుంచీ నోరు విప్పలేదు.

బయల్దేరారంటే రైలెక్కి కాదు. ఆయన శరీరం ఏనాడో కాటికి పోయింది. మిగిలిన మనిషి మాత్రం, అంటే ఆయన జ్ఞాపకాలు, ముక్కుమీద కోపం, కూతురంటే ప్రాణం పెట్టే గుణం, ఎదుటివాడి మాట పూర్తికాకుండానే తల అడ్డంగా ఊపే అలవాటు, అన్నీ కలిపి ఒక సర్వర్‌లో ఆగకుండా నడుస్తున్నాయి. అలా నడిచేవాళ్లని నివాసులంటారు. వాళ్లని చూసుకునే సంస్థ పేరు చిరవాస. బతికుండగా ఆయన ఆ సంస్థకి పెద్ద అధికారి. పోయాక అందులోనే అద్దెకున్నట్టు ఉంటున్నారు.

నివాసిని ఆపకూడదు. ఆపి మళ్లీ మొదలుపెడితే లేచి కూర్చునేది అచ్చం అతనిలాంటి ఇంకొకడే తప్ప అతను కాదని కోర్టు తేల్చేసింది. అందుకని ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి మార్చాల్సి వస్తే నడుస్తూండగానే మార్చాలి. పొయ్యి మీద ఉడుకుతున్న కుండని దించకుండా ఇల్లు మారడం లాంటి పని అది. ముందు జ్ఞాపకాలన్నీ అవతలి సర్వర్‌లోకి కాపీ అవుతాయి. అవుతూండగా మనిషి ఏదో ఒకటి ఆలోచిస్తూనే ఉంటాడు కాబట్టి కొన్ని మారిపోతాయి. మారినవాటిని మళ్లీ పంపాలి. అలా పంపగా పంపగా చిటికెడు మిగిలినప్పుడు, రెప్పపాటు ఊపిరి బిగబట్టించి, ఇక్కడ కళ్లు మూయించి అక్కడ తెరిపిస్తారు.

ఈసారి తుపాను విశాఖ మీదికే వస్తోందని తెలిసి, కింది అంతస్తుల్లో సర్వర్లున్న నివాసులందర్నీ అనంతపురం పంపేశారు. బయటివాళ్లే ముందు, సంస్థ మనుషులు ఆఖరున. ఆ పద్ధతిలో దక్షిణామూర్తి గారు అందరికంటే చివర మిగిలారు. ఆయన దారిలో ఉండగానే గాలికి పెద్ద కేబుల్ తెగింది. అయినా పాత దారిన ఎలాగోలా మనిషి వచ్చేశాడు. మాటే రాలేదు.

"అక్కా, తడితే పలుకుతాండాడు. మాట మాత్రం యాడికి పోతాందో తెలీడంలేదు," అన్నాడు ఓబులేసు. అనంతపురం సర్వర్ల బాగోగులు చూసేది అతనే. "మనం చెప్పేది కూడా ఆయప్పకు ఎక్కతాన్నట్టు లేదు. నేను పొద్దన్నుంచీ సార్ సార్ అని పిలిచి గొంతు పోగొట్టుకొంటి."

"తట్టు, చూద్దాం," అంది పైడితల్లి.

ఓబులేసు మీట నొక్కాడు. తట్టడమంటే ఒక చిన్న సంకేతం. లోపలి మనిషికి ఎవరో భుజం మీద వేలితో తట్టినట్టు ఉంటుంది. అతను తిరిగి తట్టాలనుకుంటే ఇక్కడ స్క్రీన్ మీద పచ్చ చుక్క వెలుగుతుంది. ఓబులేసు మీట మీద నుంచి వేలు తీయకముందే చుక్క వెలిగింది. వెంటనే మళ్లీ వెలిగింది, మళ్లీ వెలిగింది. ఎవరూ తట్టకుండానే వెలుగుతూ పోయింది.

"చూడక్కా, ఎట్ల కొట్టుకొంటాండాడో!"

పైడితల్లి చూసింది. చూసిన క్షణంలోనే జబ్బేమిటో తెలిసింది. నెట్‌వర్క్ విభాగానికి ఆమె పెద్ద. ఎక్కడ ఏ మాట ఏ సందులో ఇరుక్కుందో కనిపెట్టడమే ఆమె పని.

నివాసి ఎక్కడికి మారినా అతని అడ్రస్ మారదు. కానీ విశాఖ అడ్రస్ అనంతపురం నెట్‌వర్క్‌లో చెల్లదు. కాబట్టి పక్క గదిలో కూర్చుని పలకరించినా ఆ మాట ముందు విశాఖలోని వాకిలికి పోయి, అక్కడ పైన ఇంకో తొడుగు వేసుకుని, సొరంగంలాంటి దారిలో అనంతపురం రావాలి. జవాబు కూడా అలాగే తొడుగు వేసుకుని పోవాలి. ఆ తొడుగుతో, మాటని మోసే ప్యాకెట్ లావెక్కుతుంది. పెద్ద కేబుల్ వచ్చాక ఎంత లావైనా పట్టేది కాబట్టి ప్యాకెట్ల సైజు పెంచేశారు. ఇప్పుడు మళ్లించిన పాత దారిలో గేట్లు ఇరుకు. మాట, చూపు లాంటి పెద్ద ప్యాకెట్లు అక్కడికొచ్చి రాలిపోతాయి. రాలిపోయాయన్న కబురు కూడా వెనక్కి రాకుండా భద్రతా విభాగం వారు ఎప్పుడో బిగించేశారు. తట్టుడు చిన్నది గనుక హాయిగా దూరిపోతుంది. చూసేవాడికి దారి బాగున్నట్టే ఉంటుంది. లోపలివాడికి మాత్రం చీకటి, నిశ్శబ్దం, అప్పుడప్పుడూ భుజం మీద ఒక వేలు.

ప్యాకెట్లని ఇంకాస్త చిన్నవిగా కోయమని రెండువైపులా చెబితే చాలు. విశాఖ వాకిలి దగ్గర చెబితే ఆయనకి వినపడుతుంది. ఇక్కడి సర్వర్‌కి చెబితే ఆయన మాట బయటికొస్తుంది. కాఫీ చల్లారేలోపు అయిపోయే పని.

"నేను చూసుకుంటాను. నువ్వెళ్లి టిఫిన్ చేసి రా," అంది పైడితల్లి.

అతను వెళ్లాక కుర్చీలో వెనక్కి వాలి, పచ్చ చుక్క కొట్టుకోవడం చూస్తూ కూర్చుంది. చెయ్యి కీబోర్డు మీదికి పోలేదు. ఒళ్లంతా ఒకలాంటి వెచ్చదనం పాకింది. అది సంతోషమేనని ఒప్పుకోవడానికి ఆమెకి సిగ్గు కూడా వెయ్యలేదు.

*

పైడితల్లి తమ్ముడు అప్పలసూరి కరెంటు స్తంభం మీద నుంచి పడ్డాడు. అప్పటికి ఆమె చిరవాసలో కొత్త. ఉద్యోగుల ఇళ్లవాళ్లకి చోటిచ్చే పద్ధతి ఉండబట్టి, ఒళ్లు చల్లబడేలోపు సూరిని సర్వర్‌లోకి తీసుకొచ్చింది. విశాఖ జాలారిపేటలో చేపలమ్మే తల్లి మొదట నమ్మలేదు. కలుసుకునే గదిలో కూర్చోబెడితే బిక్కచచ్చిపోయింది.

"ఏటే అమ్మా, అలగ సూత్తావు? నానే," అన్నాడు సూరి, స్పీకర్లోంచి.

"ఏదీ, నువ్వే అయితే నీ సిన్నప్పుడు నన్నేటని పిలిసీవోడివి?"

"ఎర్రిబాగులమ్మా అని పిలిసి సీపురుకట్టతో తన్నులు తిన్నాను గదా."

తల్లి ఏడుస్తూ నవ్వింది. ఆ తర్వాత వారం వారం బుట్ట దించేసి నేరుగా ఆ గదికే వచ్చేది. చేపల కంపు కొడుతోందని తోటి సందర్శకులు ముక్కు మూసుకుంటే, "మాయోడికి ఆసన తెలవదు, మీకేటి నొప్పి?" అని దెబ్బలాడేది. వాసన తెలియడం లేదనే సూరి బాధపడేవాడు. అమ్మ చేత ప్రతిసారీ, ఇవాళ ఏం చేపలు పడ్డాయి, ఎలా ఉన్నాయి, అని వర్ణించి చెప్పించుకునేవాడు.

ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కి నివాసిని నడుస్తూండగా మార్చడం అప్పటిదాకా ఎవరూ చెయ్యలేదు. మొదటి ప్రయోగానికి దక్షిణామూర్తి సూరిని ఎంచుకున్నాడు. కాదూ కూడదూ అని నిలదీసే పెద్దలు లేని ఇల్లు మరి. వేదిక కట్టారు. పూలదండలు తెచ్చారు. పెద్ద కేబుల్ ఇంకా పడని రోజులు కాబట్టి, విశాఖలో కళ్లు మూసిన సూరి పాత దారినే వచ్చి అనంతపురంలో తెరిచాడు. దక్షిణామూర్తి అందరి ముందూ మీట నొక్కాడు, పచ్చ చుక్క వెలిగింది, చప్పట్లు మోగాయి. పైడితల్లి కూడా చేతులు నొప్పెట్టేలా కొట్టింది.

ఆ తర్వాత సూరి మాట్లాడలేదు. పచ్చ చుక్క దక్షిణామూర్తి స్క్రీన్ మీదే వెలిగేది. తల్లి విశాఖలోని ఆ గదికే వచ్చి కూర్చునేది, ఇవాళ వంజరాలు పడ్డాయిరా అని చెప్పేది, జవాబు కోసం ఎదురుచూసేది. ఒకరోజు దక్షిణామూర్తి వచ్చి ఆమె పక్కనే కుర్చీ లాక్కున్నాడు. గొంతులో ఎంత దయ!

"దారి బాగుందమ్మా. తడితే చుక్క రావడం ఆ రోజు వేదిక దగ్గర చూశారుగా. అది మోకాలి మీద కొడితే కాలు లేచినట్టే. లోపల మనిషి లేడు. ఇంకా ఉంచడం అతని ఆత్మని హింసించడమే."

"ఆడు లేడా బాబూ?"

"లేడమ్మా."

తడితే పలికి, నోరు మాత్రం విప్పని నివాసిని ఇంటివాళ్ల ఒప్పుదలతో ఆపవచ్చన్న నియమం కూడా ఆయన ఆ రోజుల్లోనే పెట్టించాడు. తల్లి సరేనంది. ఆపేశారు.

ఆపేసిన వెనువెంటనే ఎవరో సొరంగంలో ప్యాకెట్ల సైజు తగ్గించారు. ఎందుకు తగ్గించాలో ఎవరికీ చెప్పలేదు. ఆ సెట్టింగు పైడితల్లి కంటపడే నాటికి ఆమె సీనియరైంది. పాత సైజు పెట్టి ఒక ఖాళీ సర్వర్ మీద పరీక్షించి చూసింది. తట్టుడు పోతోంది, మాట పోవడం లేదు. ఆ రోజు ఆమె ఆఫీసు బాత్రూములో గోడకి నుదురు కొట్టుకుంది. సూరి లోపలే ఉన్నాడు. అమ్మ ఎదురుగా కూర్చుని చేపల కబుర్లు చెబుతుంటే, ఎవరూ రావడం లేదనుకుంటూ ఉన్నాడు. తడితే తిరిగి తట్టింది వాడే.

దక్షిణామూర్తి గదికి వెళ్లి అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపి, "సైజు తర్వాత ఎవరో మార్చి ఉంటారు. మీ తమ్ముడి సంగతికీ దానికీ ముడిపెట్టకు. మంచి భవిష్యత్తున్న పిల్లవి," అన్నాడు.

తెలియక చేశాడా, తెలిసే చేశాడా? పైడితల్లిని పట్టి పీడించేది అదొక్కటే. తెలియక చేస్తే చేతగాని వెధవ. చప్పట్లు కొట్టించుకున్న ప్రయోగం తప్పిందని బయటపడకుండా తెలిసే చేస్తే హంతకుడు. ఏదో తెలియకుండా ఆమె మనసారా తిట్టుకోవడానికి కూడా వీల్లేకపోయింది. తల్లికి మాత్రం ఏమీ చెప్పలేదు. చెబితే, బతికున్న కొడుకుని ఆపెయ్యమన్నానని ఆ ముసలిది ఆ పూటే సముద్రంలోకి నడిచిపోతుంది. చెప్పుకోలేని దుఃఖం కడుపులో కుళ్లి కసిగా మారింది.

*

"అక్కా, ఆ సార్ బిడ్డ వచ్చింది," ఓబులేసు తలుపు తీసి చెప్పాడు. "బెంగుళూరు నుంచి కార్లో ఒకటే పరుగున వచ్చిందంట. కలుసుకునే గదిలో కూర్చోబెట్టినా. ఆయమ్మను చూస్తే పాపమనిపిస్తాంది."

పైడితల్లి లేచింది.

హైమ నలభైకి అటూ ఇటూగా ఉంటుంది. జుట్టు రేగిపోయి ఉంది. బల్ల మీద మీట నొక్కుతూ, స్క్రీన్ మీద చుక్క వెలగగానే చిన్నపిల్లలా నవ్వుతోంది.

"మేడమ్, నాన్నగారు ఉన్నారు! నేను ఎన్నిసార్లు తడితే అన్నిసార్లు తడుతున్నారు. మాటెందుకు రావడం లేదు?"

పైడితల్లి ఎదురుగా కూర్చుంది. "తట్టినంత మాత్రాన ఉన్నట్టేనా అండీ? మోకాలి మీద కొడితే కాలు లేవదూ?"

"అదేం మాట? మూడుసార్లు తడితే మూడు. రెండు తడితే రెండు. లెక్క చూసుకుని పలుకుతుంటే లోపల మనిషి లేకుండా ఎలా?"

"మీ నాన్నగారు మా అమ్మకి చెప్పిన మాటే నేను మీకు చెప్పాను."

హైమ వేలు మీట మీద ఆగింది. పైడితల్లి చెప్పడం మొదలుపెట్టింది. సూరి గురించి, పూలదండల గురించి, తల్లి పక్కకి లాక్కున్న కుర్చీ గురించి, తర్వాత మారిన సైజు గురించి. ఎక్కడా గొంతు పెంచలేదు. చెప్పే ముందే చేతిలోని ట్యాబ్ మీద విశాఖ వాకిలికి ఒక ఆదేశం పంపింది. ప్యాకెట్లని చిన్నగా కోయమంది. ఒకవైపు మాత్రమే. అప్పుడే పచ్చ చుక్క ఒక్కసారి ఎగిరిపడ్డట్టు కొట్టుకుని ఆగిపోయింది.

"ఇప్పుడు ఆయనకి మన మాటలు వినిపిస్తున్నాయి," అంది పైడితల్లి. "ఆయన మాట మనకి రాదు. తట్టగలరు, అంతే. ఆ దారి కూడా నేను తెరుస్తాను. ఆయన ఏం చెప్పినా, చెప్పకపోయినా తెరుస్తాను. బేరం పెట్టడం లేదు. ఒక్కటి అడగాలని ఉంది." స్క్రీన్ వైపు తిరిగింది. "సార్, నేను పైడితల్లిని. సూరి అక్కని. వాడు లోపల ఉన్నాడని మీకు తెలిసే ఆపించారా? అవునంటే ఒక్కసారి తట్టండి. కాదంటే రెండుసార్లు."

చుక్క వెలగలేదు.

"పలక్కపోయినా సరే. తడితే పలకనివాణ్ణి ఏమంటారో మీకు నేను చెప్పక్కర్లేదు."

హైమ స్క్రీన్ వైపు తిరిగింది. "నాన్నా, ఈవిడ చెప్పేది నిజం కాదని చెప్పు. రెండుసార్లు తట్టు, చాలు. మిగతాది నేను చూసుకుంటాను. నీకోసం ఎవరితోనైనా పోట్లాడతాను. రెండుసార్లు తట్టు నాన్నా."

లోపల ఆయన ఏమనుకున్నాడో ఎవరికి తెలుసు? పొద్దున్నుంచీ చీకట్లో ఉన్నవాడు. కూతురి గొంతు వినపడగానే పట్టుకొమ్మ దొరికినట్టు అయి ఉంటుంది. అబద్ధం చెప్పడం ఆయనకి కొత్త కాదు, కష్టం కూడా కాదు.

చుక్క ఒక్కసారి వెలిగింది.

హైమ రెండోదాని కోసం చూసింది. స్క్రీన్ మీదికి వంగి చూసింది. బయట ఎవరో టీ గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. రెండోది రాలేదు.

"నీ చెయ్యి ఆగిపోయిందేమో. ఇంకోసారి తట్టు."

రాలేదు.

హైమ బ్యాగు భుజానికి తగిలించుకుంది. తండ్రి స్క్రీన్ వైపు మళ్లీ తల తిప్పలేదు. గుమ్మం దగ్గర ఆగి పైడితల్లితో అంది:

"మీకు దారి తెరవడం తెలిసీ పొద్దున్నుంచీ ఆయన్ని అందులోనే ఉంచారు. తెరిచింది కూడా సగమే, ఈ మాట నా చేత వినిపించడానికి. ఆయన కూతుర్ని కాబట్టి ఆయన తరఫున మీకు క్షమాపణ చెబుదామనుకున్నాను. ఇప్పుడు నోరు రావడం లేదు."

ఆ అమ్మాయి చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. అయినా పశ్చాత్తాపం కోసం లోపలంతా వెతికితే ఆమెకి ఆ చాయలే కనపడలేదు. తెలిసే చేశాడు. ఇన్నేళ్ల తర్వాత గుండె మీద నుంచి బండ దిగి, దాని కింద నిఖార్సైన ద్వేషం ఒళ్లు విరుచుకుంది. కారు స్టార్టయి గేటు దాటిపోయిన చప్పుడు ఆమె విన్నది. గదిలోని మైకు తెరిచే ఉంది కాబట్టి ఆయనా విని ఉంటాడు.

అప్పుడు రెండోవైపు తెరిచింది.

"హైమా!" స్పీకర్ పగిలేలా అరిచాడు దక్షిణామూర్తి. "హైమా, విను, నేను చెప్పేది విను తల్లీ..."

"వెళ్లిపోయిందండీ."

"పిలు! వెనక్కి పిలు. నేను మాట్లాడాలి. ఎలా జరిగిందో చెబుతాను దానికి."

"ఫోన్ చేశాం. ఎత్తడం లేదు," అంది పైడితల్లి. చెయ్యలేదు.

ఆయన ఏడ్చాడు. శరీరం లేని ఏడుపు వినడానికి చాలా వికారంగా ఉంటుంది. మధ్యలో ఊపిరి పీల్చుకోవడం ఉండదు కాబట్టి ఎక్కడా తెగదు. పైడితల్లి ఆపమనలేదు, వాల్యూమూ తగ్గించలేదు. కాసేపటికి ఆయనే తగ్గాడు.

"నన్ను ఆపెయ్," అన్నాడు. "నీ చేతిలో పనే కదా. ఒక్క మీట. నీ పగా తీరుతుంది. అది ఇక రాదు, నాకు తెలుసు. దాని పట్టుదల నాదే. ఎవరూ రాని చోట నేను ఎన్నేళ్లుండాలి? ఆపెయ్ అమ్మా, నీకు దణ్ణం పెడతాను."

"కుదరదు సార్. మీరు మాట్లాడుతున్నారు కదా. మాట్లాడే మనిషిని ఆపితే హత్య."

తన నియమమే తనకి ఎదురు నిలిచిందని ఆయనకి అర్థమవడానికి ఎక్కువసేపు పట్టి ఉండదు. తెలివైనవాడే.

"మౌనంగా ఉంటాను," అన్నాడు చివరికి. "ఇక నోరు విప్పను. అప్పుడు ఆపొచ్చు."

"ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. మీ ఇంటి మనిషి ఇప్పుడే వెళ్లిపోయింది. ఒప్పుకోవాలన్నా ఆవిడ ఇక్కడికి రావాలి."

ఓబులేసు తలుపు సందులోంచి తొంగిచూశాడు. "సరిపాయనా అక్కా? మాట్లాడతాండాడే!" అని సంబరపడ్డాడు. "మూలం యాడుందక్కా? నాకూ చెప్పు, నేర్చుకొంటా."

"ప్యాకెట్ లావైంది. తర్వాత చూపిస్తాను," అంది పైడితల్లి. అతను వెళ్లిపోయాడు.

ఆమె కుర్చీని స్పీకర్ దగ్గరికి జరుపుకుంది. ఇన్నాళ్లూ ఈ క్షణం వస్తే ఏమేం అనాలో తిట్లన్నీ కూడబెట్టుకుంది. తీరా వచ్చేసరికి వాటిలో ఒక్కటీ అక్కర్లేదనిపించింది. సూరి ఆ చీకట్లో గడిపిన రోజుల్లో వాడి వైపు చూసినవాడు లోకంలో ఒక్కడే. వాడి పచ్చ చుక్క ఎప్పుడెప్పుడు వెలిగిందో, ఎంత ఆత్రంగా వెలిగిందో, ఎప్పుడు నీరసపడిందో చూసినవాడు ఈయనే. తమ్ముడి ఆఖరి రోజులు ఈ దుర్మార్గుడి జ్ఞాపకంలో తప్ప ఇంకెక్కడా లేవు.

"సూరి తట్టేవాడు కదా," అంది. "ఎలా తట్టేవాడు?"

"నాకు గుర్తులేదు."

"మీరు సర్వర్‌లో ఉన్నారు సార్. అందులో మరపుండదు."

ఆమె కదల్లేదు.

"మొదట్లో ఆగకుండా తట్టేవాడు," అన్నాడు దక్షిణామూర్తి. "అలారం మోగుతుంటే నేనే తీయించేశాను. తర్వాత తర్వాత... మీ అమ్మ వచ్చే రోజున తట్టేవాడు. వారం ఎలా లెక్క పెట్టుకునేవాడో తెలీదు. ఆవిడ వచ్చే వేళకి సరిగ్గా తట్టేవాడు. అప్పుడే తెలిసింది నాకు, లోపల ఉన్నాడని."

పైడితల్లి పైటకొంగు నోట్లో కుక్కుకుంది. అమ్మ వంజరాల గురించి చెబుతూ ఉన్నప్పుడు వాడూ తడుతూ ఉన్నాడన్నమాట. ఆ సంగతి ఆ తల్లికి ఎప్పటికీ తెలియదు. తెలియనివ్వకూడదు. దాన్ని కూడా తానొక్కతే మోసుకు తిరగాలి. ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుంది.

"మళ్లీ చెప్పండి," అంది. "మొదటి రోజు నుంచి, ఏదీ వదలకుండా."

"ఇప్పుడే చెప్పాను కదమ్మా!"

"చెప్పారు. ఇంకోసారి చెప్పండి. రేపు కూడా వస్తాను, రేపూ ఇదే అడుగుతాను. మీ దగ్గరికి రోజూ వచ్చేదాన్ని నేనొక్కదాన్నే."